మాట-మాత్ర సమ్మేళన పథకం

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. మా బీడీ కాలనీలో మధ్యాహ్నం బడి పెట్టినప్పుడు, యాభై తొమ్మిదేళ్ళ వయసులో, అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇంకా నా మాట వినవు. నెమ్మది కూడా ఎక్కువే. గంటకు వంద బీడీలు చుట్టే చెయ్యి గంటకు పది వరుసలు రాయలేకపోతోంది. ఈ ముచ్చట రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. తప్పులు దిద్దుకుని చదువుకోండి. రాతలో ఉన్న తప్పులు నావి. ముచ్చటలో ఉన్న తప్పులు మాత్రం అన్నీ ఉత్తర్వుల ప్రకారమే జరిగాయి.

నా భర్త ఓదెలు పోయి నాలుగేళ్ళయింది. ఆయన పోయాక నాకు ఏడుపు రాలేదు, నిద్ర రాలేదు, చెయ్యి కదలలేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, రెండు వందల దగ్గర ఆగిపోయేదాన్ని. తునికాకు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు మా వీధి ఆశా కార్యకర్త స్రవంతి వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"అవ్వా, గా ఆకు మీద ఏమన్న రాసున్నదా? గంట సేపటి సంది చదువుతున్నవ్."

"ఏం లేదు బిడ్డా."

"మరి ఏం లేనిదాన్ని గంట సేపు చూస్తె డాక్టరుకు చూపియ్యాలె."

అలా ఫోన్లో ఇద్దరు మనుషులు నాకు పరిచయమయ్యారు. ఒకరు డాక్టరు ముకుందరెడ్డి సారు. నెలకొకసారి నాలుగు నిమిషాలు కనిపించేవారు. "నిద్ర? ఆకలి? తలనొప్పి? చేతులు వణుకుతున్నయా? మంచిది, అవే గోలీలు. ఒక్కటి యాదిపెట్టుకో అవ్వా, గోలీలు ఒక్కసారిగ బంద్ చెయ్యొద్దు. ఆపాల్నంటె నేనే మెల్లగ తగ్గిస్త." అంతే, మాయమయ్యేవారు. రెండోది హరిణి. రాజమండ్రి వైపు పిల్ల. ప్రతి బుధవారం నలభై నిమిషాలు మాట్లాడేది. సలహాదారు అంటారు కానీ సలహాలేమీ ఇచ్చేది కాదు. "చెప్పండమ్మా, ఇవాళ ఎలా అనిపిస్తోంది?" అని ఊరుకునేది. నేను ఫోను గోడకు ఆనించి, చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ మాట్లాడేదాన్ని. మా బీడీలు చుట్టేవాళ్ళకు అదొక అలవాటు. కళ్ళు ఆకు మీద ఉండాలి, చేతులు కదులుతుండాలి, అప్పుడే నోట్లోంచి అసలు మాట బయటికొస్తుంది. ముఖం ముఖం చూసుకుంటే కుశలప్రశ్నలు తప్ప ఏమీ రావు.

మాత్రలు, మాటలు రెండూ కలిసి నన్ను లేపి కూర్చోబెట్టాయి. ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. అన్నం తిన్నాక కడుపు అన్నంతో నిండిందా పప్పుతో నిండిందా అని ఎవరు అడుగుతారు? బీడీలు మళ్ళీ ఎనిమిది వందలకు వచ్చాయి. ఇంత సాఫీగా నడుస్తున్నదాన్ని చూసి పైవాళ్ళకు ఆందోళన కలిగింది.

ఒక గురువారం మమ్మల్నందరినీ ఆరోగ్య కేంద్రానికి పిలిచారు. వరండాలో పెద్ద టీవీ పెట్టారు. అందులో సమన్వయాధికారి పరాంకుశం గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన కూర్చున్నది మా వెనక ఉన్న గదిలోనే. తలుపు సందులోంచి ఆయన వీపు కనిపిస్తోంది, టీవీలో ముఖం కనిపిస్తోంది.

"ఇది ఆన్‌లైన్ పథకము గనుక నేను ప్రత్యక్షముగా కనిపించుట విధానమునకు విరుద్ధము" అన్నారు. "ఇంతవరకు మన లబ్ధిదారులకు మాట వేరుగా, మాత్ర వేరుగా అందుచున్నవి. ఇది విభజన. నేటి నుండి మాట-మాత్ర సమ్మేళన పథకము క్రింద రెండును ఒకే తెరపై, ఒకే సమయమున, ఒకే వేగమున అందజేయబడును. మాట లేనిదే మాత్ర లేదు. మాత్ర లేనిదే మాట లేదు."

అందరం చప్పట్లు కొట్టాము. గదిలోంచి ఆయన కూడా కొట్టుకున్నారు.

"ఇక సమయము. డాక్టరు గారిది నాలుగు నిమిషములు. సలహాదారుది నలభై. రెంటినీ కలిపి, రెండుతో భాగించగా, ఇరువురికీ ఇరవై రెండు."

నేను చెయ్యెత్తాను. ఊరుకుంటే బాగుండేది, కానీ లెక్క నేర్చుకుని అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు, ఆత్రం. "సారూ, ఇద్దరియి కలిపితె నలభై నాలుగు కావాలె గదా?"

"అది కూడిక అమ్మా" అన్నారాయన జాలిగా. "ఇది సమ్మేళనము."

ఆ రోజు నా పట్టీలో ఇరవై గోలీలు ఉన్నాయి.

మొదటి సమ్మేళనం బుధవారం జరిగింది. పద్నాలుగు గోలీలు మిగిలాయి. స్రవంతి తన ఫోను తెచ్చి నా ముందు పట్టుకుంది. తెర రెండు ముక్కలై ఒకదాంట్లో డాక్టరు సారు, ఒకదాంట్లో హరిణి కనిపించారు. వాళ్ళ కింద ఒక పచ్చగీత, దాని పక్కన సున్నా.

"గదేంది బిడ్డా?"

"సమ్మేళన శాతం అవ్వా. ఇద్దరు కలిసి ఎంత మాట్లాడిండ్రో చెప్తది. అరవై దాటితెనే గోలీల చీటీ బయటికొస్తది."

డాక్టరు సారు తన నాలుగు ప్రశ్నలూ నాలుగు నిమిషాల్లో అడిగేశారు. ఇంకా పద్దెనిమిది నిమిషాలున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నారు. బల్ల మీద చూసుకున్నారు. చివరికి మందు డబ్బాలోంచి మడత కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. "దీనిని పొడిగా ఉన్న చోట ఉంచవలెను. పిల్లలకు అందకుండ ఉంచవలెను..."

హరిణి ఆగింది. ఆయన ఆగినప్పుడు, "సార్, నేను మాట్లాడొచ్చా?" అంది.

"అయ్యో, మాట్లాడమ్మా."

"లేదండి, మీరు ముగించండి."

నేను ఎప్పటిలాగే తల వంచి ఆకు కత్తిరిస్తున్నాను. ఫోనులోంచి ఒక ఆడగొంతు కసిరింది. "దయచేసి తెర వైపు చూడండి. మీ దృష్టి తప్పింది." తలెత్తాను. తలెత్తగానే మాట ఆగిపోయింది. మాట కోసం మళ్ళీ తల వంచాను. "దయచేసి తెర వైపు చూడండి." ఈ గోల విని పక్కింటి మల్లవ్వ మేక, దాని పేరు రాణి, గడప దాటి వచ్చి నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది. దాన్ని తెర బాగానే మెచ్చుకుంది. రెప్ప వేయకుండా చూసింది కదా.

ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి. శాతం మూడు. ఆ మూడు కూడా ఇద్దరూ ఒకేసారి "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకోవడం వల్ల వచ్చింది.

చీటీ రాలేదు. మరునాడు స్రవంతి ఫోనుకు సందేశం వచ్చింది. ఆమె నాకిచ్చి, "నువ్వే చదువు అవ్వా, నాకు నవ్వు ఆగుతలేదు" అంది. కూడబలుక్కుని చదివాను.

'ఒకరి తరువాత ఒకరు మాట్లాడుట సమ్మేళనము కాదు, అది వరుస. ఇకమీదట ఇరువురును ఏకకాలమున మాట్లాడవలెను. మరియు తెరపై కనిపించిన అంశములన్నియు సమ్మేళనము చేయబడినవి. బీడీలు కనిపించినందున ఛాతీ వైద్యులు, మేక కనిపించినందున పశువైద్యులు వచ్చే వారము పాల్గొందురు.'

రెండో బుధవారానికి ఏడు గోలీలు మిగిలాయి. తెర నాలుగు ముక్కలైంది. మల్లవ్వ కూడా వచ్చి మేకను పట్టుకుని నిలబడింది. డాక్టర్లకు మర్యాదగా ఉంటుందని దాని కొమ్ములకు పసుపు రాసింది.

గంట మోగింది. నలుగురూ ఒక్కసారిగా మొదలుపెట్టారు.

"నిద్ర మంచిగ పడుతు..." "నెమరు సరిగ్గా వేస్తోం..." "ఒకసారి దగ్గి..." "ఎలా అనిపి..."

నాకు నాలుగు గొంతులు కలిసి ఒక్క ప్రశ్నలా వినిపించాయి. ఎవరికి జవాబు చెప్పాలో తెలియక, "అప్పుడప్పుడు" అన్నాను. అదొక్కటే అన్నిటికీ సరిపోయే మాట అనిపించింది. తెర దాన్ని నాలుగు చోట్లా రాసుకుంది. ఆ కాగితం తరువాత చూశాను. నేను అప్పుడప్పుడు నిద్రపోతాను, అప్పుడప్పుడు దగ్గుతాను, అప్పుడప్పుడు నెమరు వేస్తాను.

శాతం ఇరవై, నలభై, డెబ్బై. పాపం హరిణి మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే గీత పడిపోయేది. స్రవంతి, "ఆగకు మేడం! మాట్లాడు, ఏదన్న మాట్లాడు!" అని అరిచేది. చివరికి హరిణి రాజమండ్రి నుంచి తన ఊరిదాకా వచ్చే స్టేషన్ల పేర్లు చదివింది. డాక్టరు సారు మందు డబ్బా కాగితం వెనక్కి తిప్పి మొదలుపెట్టారు. ఎనభై ఒకటి దగ్గర గంట మోగింది. స్రవంతి ఎగిరి గంతేసింది.

చీటీ వచ్చింది. నలుగురి అభిప్రాయాల్లో ఎక్కడ పొత్తు కుదిరిందో చూసి తెరే మందు తేల్చింది. మిగతా విషయాల్లో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం ఎవరూ కాదనలేదు. కడుపులో పురుగులు లేవని ఎవరూ అనలేదు. అందుకని లబ్ధిదారు రాణికి నట్టల మందు, ఒక సీసా.

మరునాడు పొద్దున్నే బండి మీద ఒకాయన వచ్చి సీసా ఇచ్చి, మేక ఫోటో తీసుకుని వెళ్ళాడు. నేను బతికినన్ని రోజుల్లో ఇంత వేగంగా జరిగిన సర్కారు పని గురించి వినలేదు.

"ఓ భూలచ్చక్కా," అంది మల్లవ్వ సంబరంగా, "నీ పుణ్యాన నా మేక బతికింది. మళ్ళెప్పుడున్నది నీ అపాయింట్‌మెంటు? నా బర్రెను గుడ తోలుకొస్త."

"నా గోలీలు ఒడిసిపోతున్నయే!"

"నీకేంది, మంచిగనే ఉన్నవ్."

"గోలీలు వేసుకుంటున్న గనుక మంచిగున్న మల్లవ్వా."

ఆ మాట ఆమెకు అర్థమైంది. బర్రె మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకు లోపల భయం మొదలైంది. శుక్రవారం పొద్దున ఒక ఆకు చేతిలో పట్టుకుని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఉలిక్కిపడి కింద పెట్టేశాను. ఆ చూపు నాకు తెలుసు. అందులోంచి బయటికి రావడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

శనివారం స్రవంతి, నేను పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాము. నాలుగు గోలీలు ఉన్నాయి. పట్టీ కొంగున ముడేసుకున్నాను. ఆఫీసులో ఆయన అద్దం వెనక కూర్చున్నారు. అద్దానికి ఇటు పక్క ఒక కుర్చీ, దాని మీద ఒక ఫోను. ఆ ఫోనులోనే మాట్లాడాలట. ఆయన పెదవులు ముందు కదిలేవి, మాట తరువాత వచ్చేది.

"మీ కేసు విజయవంతముగా ముగిసినది" అన్నారు. "ఎనభై ఒక శాతము. జిల్లాలో రెండవ స్థానము."

"నాకు గోలీలు రాలే సారూ."

"మందు అందినది కదా?"

"మేకకు అందింది."

ఆయన కాగితాలు తిప్పారు. "ఒక కేసుకు ఒక మందు. కేసులో మీరు, మేక ఇరువురును ఉన్నారు. అందినట్లే లెక్క."

పట్టీ విప్పి అద్దానికి ఆనించి పట్టుకున్నాను. "నాలుగున్నయి సారూ. బుధవారం పొద్దుగాల ఆఖరుది. ఒక్కసారిగ ఆపొద్దని డాక్టరు సారు చెప్పిండు."

ఆయన పట్టీ వైపు చూశారు. ఒక్క క్షణం ఆ ముఖంలో అధికారి పక్కకు జరిగి మనిషి కనిపించాడు. అంతలోనే సర్దుకున్నారు. "కేసు తిరిగి తెరువవచ్చును. ఇక్కడ వేలిముద్ర వేయుడు."

"సంతకం పెడుత సారూ. నేర్చుకున్న."

"మీరు రికార్డులో వేలిముద్ర. రికార్డు ప్రకారము మీకు సంతకము రాదు."

"ఇప్పుడొస్తది."

"ఎప్పుడొచ్చినదో రికార్డునకు తెలియజేశారా?"

తెలియజేయలేదు. వేలిముద్ర వేశాను. బొటనవేలికి సిరా అంటితే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఉక్రోషంలోనే నోరు జారాను. "అయినా సారూ, మాట లేనిదే మాత్ర లేదంటిరి గదా. మేకకు మాట లేకుంట మందెట్ల ఇచ్చిండ్రు?"

స్రవంతి నా మోచేయి గిల్లింది. ఆలస్యమైపోయింది.

అద్దం వెనక పరాంకుశం గారి ముఖం తెల్లబోయింది. "ఇది... ఇది మార్గదర్శకముల ఉల్లంఘన" అన్నారు ఫోను పట్టుకోవడం కూడా మరిచిపోయి. అద్దంలోంచే వినిపించింది. "జిల్లాలో ఎన్ని పశువులకు మాట లేకుండ మందు వెళ్ళినది?"

ఆ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోని సలహాదారులందరూ పశువుల బకాయి పూర్తయ్యేదాకా పశుశాఖకు. తలకు ఇరవై రెండు నిమిషాలు.

మంగళవారం హరిణి ఫోను చేసింది. వెనక నుంచి మేకల అరుపులు.

"అమ్మా, సారీ అమ్మా. రేపు మీ తెర మీదకి నన్ను రానివ్వరు. ఇప్పుడు నాకు నూట పన్నెండు మేకలండి. ఒక్కోదాని ముందు కూర్చుని, 'ఎలా అనిపిస్తోంది' అని అడగాలి."

"ఏమంటున్నయి బిడ్డా?"

"నిజం చెప్పాలంటే చాలామంది కన్నా బాగా వింటున్నాయండి. మధ్యలో మాట్లాడవు. ఒకటి నా డైరీ తినేసింది, అంతే." మేకను అదిలించి అడిగింది. "మందులెన్ని ఉన్నాయమ్మా?"

"ఒకటి."

"డాక్టర్ గారిని వదలకండి. ఏం చేసినా సరే, ఆయన చేత మాట్లాడించండి."

బుధవారం పొద్దున ఆఖరి గోలీ వేసుకున్నాను. పట్టీ పారేయబుద్ధి కాలేదు. ఖాళీ పట్టీని చాటలో ఆకుల పక్కన పెట్టుకున్నాను.

స్రవంతి తెచ్చిన ఫోను తెరలో డాక్టరు సారు ఒక్కరే ఉన్నారు. ఛాతీ వైద్యులు, పశువైద్యులు ఇద్దరూ మేకల దగ్గుకు వెళ్ళారట. పక్కన ఖాళీ గడి, దాని మీద 'సలహాదారు' అని రాసి ఉంది. సారు తన నాలుగు ప్రశ్నలూ అడిగారు. నాలుగు నిమిషాలు. శాతం సున్నా. ఒక్కరు మాట్లాడితే సమ్మేళనం ఎక్కడిది?

"నేనేం జెయ్యాలె అవ్వా" అన్నారు సారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా ముప్పై ఏండ్ల నౌకరిల నాలుగు నిమిషాల కన్న ఎక్కువ ఎవ్వరితోని మాట్లాడలే. మా ఇంటామె గుడ గదే అంటది. ఐదో నిమిషానికి నాకు మాట దొరకది."

ఆయన ముఖం చూశాను. కళ్ళ కింద నల్లటి సంచులు. నా అద్దంలో నేను చూసుకున్న ముఖమే. హరిణి మాట గుర్తొచ్చింది.

"సారూ, మీకు నిద్ర పడుతున్నదా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా ఆయన నోట్లోంచే బయటికి పోయింది, ఎన్నడూ వెనక్కి రాలేదు. "...లేదవ్వా" అన్నారు. అని మళ్ళీ బిగుసుకుపోయారు. తెర వైపే గుడ్లు మిటకరించి చూస్తున్నారు.

అప్పుడు నాకు తట్టింది. ఈయన తలెత్తి మాట్లాడుతున్నాడు, ఇంకెక్కడి మాట వస్తుంది?

"సారూ, ఫోను బల్ల మీద వెల్లకిల పండబెట్టుర్రి. గట్లనే. ఇగ మీద నుంచి వంగి చూడుర్రి. స్రవంతీ, నువ్వు గుడ నీ ఫోను చాటల పెట్టు, ఆకుల నడుమ." ఇప్పుడు ఆకు వైపు చూస్తే తెర వైపు చూసినట్టే. కసిరే గొంతుకు పని లేకుండా పోయింది. "సారూ, చీటీలు రాసే కాయితం ఒకటి చింపుర్రి. దాంట్లకు ఏమన్న పోసెటందుకు ఉన్నదా?"

"సోంపు ఉన్నది."

"సోంపు పోసి చుట్టుర్రి. ఇటు కొస సన్నగ, అటు కొస లావుగ. చూపుడువేలుతోని నూకుర్రి."

డాక్టరు సారు చుట్టడం మొదలుపెట్టారు. మొదటిది విప్పుకుపోయి సోంపు బల్లంతా చిందింది. రెండోదానికి కాస్త వంకర తగ్గింది. మూడోది చుడుతూ ఉండగా ఆయన నోట్లోంచి మాట మొదలైంది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారట. "పొద్దుగాల లేచి ఎవరిని అడగాలె అవ్వా, నిద్ర పట్టిందా అని? మా ఇంటామెను అడిగితె, నన్నడిగితె పళ్ళెం నెత్తిన పెడుత అన్నది."

నేనూ నా ఆకు చుడుతూ మొదలుపెట్టాను. మేము బీడీలు చుట్టేటప్పుడు నలుగురం గుండ్రంగా కూర్చుంటాము. నలుగురం ఒక్కసారే మాట్లాడతాము. ఎవరూ ఎవరి కోసం ఆగరు, అయినా ఎవరి మాటా పోదు. సాయంత్రం అడిగితే నలుగురి ముచ్చటా నలుగురికీ వస్తుంది. చిన్నప్పటి నుంచీ చెవులకు అదే చదువు. సారు రిటైర్‌మెంటు గురించి చెబుతుంటే నేను ఓదెలు గురించి చెప్పాను. సాయంత్రం మగ్గం ఆపి వచ్చి, నేను చుట్టినవాటిని ఇరవై ఐదేసి కట్టలు కట్టేవాడు. ఇరవై నాలుగు దగ్గర ఆపి నా వైపు చూసేవాడు. ఇరవై ఐదోది నా చేత్తో ఇస్తే గానీ దారం ముడి వేసేవాడు కాదు. ఈ నాలుగేళ్ళుగా ఇరవై నాలుగు దగ్గర నా చెయ్యి ఆగుతోందని హరిణికి కూడా చెప్పలేదు. సోంపు బీడీ చుడుతున్న డాక్టరుకు చెప్పాను. ఆయన తన మాట ఆపలేదు, నేను నా మాట ఆపలేదు. కానీ ఆ మాట దగ్గర ఆయన వేలు ఒక్కసారి ఆగింది. విన్నాడు.

"అవ్వా!" స్రవంతి గొంతు కీచుమంది. "తొంభై ఏడు!"

గంట మోగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈసారి నేనే చదివాను. 'సలహాదారు స్థానము ఖాళీగా ఉన్నది. సంభాషణను ఎక్కువగా విన్న వ్యక్తి: లబ్ధిదారు. ఈ వ్యక్తిని సలహాదారుగా నమోదు చేయవలెనా?'

స్రవంతి నన్ను చూసింది, నేను డాక్టరు సారును చూశాను. "నొక్కు నొక్కు" అన్నారాయన.

నొక్కింది. 'సలహాదారు సంతకము చేయవలెను. వేలిముద్ర చెల్లదు. గడువు అరవై సెకన్లు. మూడు అవకాశములు. ఆ తరువాత నెల రోజులు కేసు మూసివేయబడును.'

నెల రోజులు. ఖాళీ పట్టీ చాటలోంచి నా వైపే చూస్తోంది.

మొదటిసారి మెల్లగా, అందంగా రాద్దామనుకున్నాను. ఇంటిపేరు అయ్యేసరికి అరవై సెకన్లు అయిపోయాయి. రెండోసారి గబగబా రాయబోయాను. వేలికి తంబాకు పొడి అంటుకుని 'భూ' అన్న అక్షరం మేకలా వచ్చింది. పెట్టె మూసుకుంది. స్రవంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు సారు ఊపిరి బిగబట్టారు. ఇల్లంతా చప్పుడు లేదు. చప్పుడు లేకపోయేసరికి నా చెయ్యి గడ్డకట్టింది, నాలుగేళ్ళ కిందట గడ్డకట్టినట్టే.

"సారూ," అన్నాను, "మాట్లాడుర్రి."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. చప్పుడు లేకుంటె నా చెయ్యి కదలది."

మూడో పెట్టె తెరుచుకుంది. "పొద్దుగాల మా ఇంటామె ఉప్మా జేసింది" అన్నారు సారు కంగారుగా. "ఉప్పు మరిచింది. నేను చెప్పలే. చెప్తె పచ్చడి వేసుకో అంటది. పచ్చడేమో అటక మీదున్నది, నిచ్చెనేమో పక్కింటోళ్ళు తీసుకపోయిండ్రు, పక్కింటోళ్ళతోని మాకు మాటలు లెవ్వు, ఎందుకంటె వాళ్ళ కుక్క..." వింటూ రాశాను. ఇంటిపేరు నిచ్చెన దగ్గర అయింది. కుక్క వచ్చేసరికి 'ల' దాటాను. 'క్ష్మి' ఉంది కదా, ఒకదాని కింద ఒకటి మూడు అంతస్తులు, పైన గుడి. "...ఆ కుక్క నన్ను చూస్తె మొరగది, మా ఇంటామెను చూస్తెనే మొరుగుతది, దానికి గామె పగ పట్టింది" అనే దగ్గర గుడి చుట్టేశాను. యాభై ఎనిమిది.

చీటీ బయటికొచ్చింది. ముప్పై గోలీలు. స్రవంతి చెప్పులు కూడా వేసుకోకుండా ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తింది. ఆమె వచ్చేదాకా డాక్టరు సారు తెరలోంచి పోలేదు. కుక్క కథ పూర్తి చేశారు. మొత్తం గంటా ఆరు నిమిషాలు మాట్లాడారు.

వారం తిరగకుండా పరాంకుశం గారు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అద్దం అడుగున ఉన్న సందులోంచి తోశారు. 'రోగి, సలహాదారు ఒకే వ్యక్తియందు సమ్మేళనమైన తొలి కేసు' అని రాసి ఉంది. ఇకమీదట జిల్లాలో ఎవరికి వారే సలహాదారు అట. డాక్టరు పోస్టు కూడా అందులోనే కలపవచ్చునేమో పరిశీలించుటకు ఒక సంఘం వేశారు. రిటైరయ్యాక ముకుందరెడ్డి సారును దానికి సభ్యుడిగా పిలిచారట. "సోంపు ఇస్తె వస్త" అన్నారట.

హరిణి మాట మాత్రం నాకు పోలేదు. ఆ ఉపాయం మల్లవ్వది. మేకలకు మాట తప్పనిసరి కదా, ప్రతి బుధవారం రాణిని తెచ్చి నా గడపకు కట్టేస్తుంది. రాణిది ఆన్‌లైన్ కేసు గనుక హరిణి దాని పేరు మీద తెర తెరిచి, రాణి ముఖం ఒకసారి చూపించమని, మిగతా ఇరవై రెండు నిమిషాలూ నాతో మాట్లాడుతుంది. రాణి మధ్యలో మాట్లాడదు. పోయిన నెల దానికి రెండు పిల్లలు పుట్టాయి. ఇప్పుడు మాకు అరవై ఆరు నిమిషాలు.

నేనిప్పుడు ఇరవై నాలుగు దగ్గర ఆగుతాను, కాసేపు ఆగి, ఇరవై ఐదోది కూడా నేనే పెట్టి ముడి వేస్తాను.

రికార్డులో ఇంకా వేలిముద్రగానే ఉన్నాను. అందుకే కింద నా పేరు నేనే రాస్తున్నాను. ఇక్కడ గడువు లేదు, మూడు అవకాశాలు లేవు. గడప దగ్గర మేకపిల్లలు అరుస్తున్నాయి, మల్లవ్వ ఎవరినో తిడుతోంది, చప్పుడు బాగానే ఉంది.

ఆడెపు భూలక్ష్మి
అరవై నాలుగేళ్ళు
బీడీ కార్మికుల కాలనీ, మేకలు కట్టేసి ఉన్న ఇల్లు, తుమ్మలకుంట